గిన్నెల బూడిదలో అరిగిన గాజులు

2019లో మా ఖాలా తన రెండు బంగారు గాజులను అమ్మడానికి కర్నూలు బజారుకు బయలుదేరినప్పుడు తోడుగా మేము వెళ్ళాము. ఖాలూజాన్ పోయి అప్పటికి రెండేళ్ళు. కూతురి నర్సింగు చదువుకు ఫీజు కట్టాలి. గాజులు 1986లో నికాహ్ నాడు మహర్ కింద వచ్చినవి. ఆనాటి చీటీని ఖాలా ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేషను కార్డుతో పాటు భద్రంగా దాచుకున్నది. నీలి సిరా వెలిసిపోయినా అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి. జత 40 గ్రాములు.

దుకాణదారుడు గాజులను త్రాసు మీద పెట్టాడు. 37 గ్రాముల 800 మిల్లీలు చూపించింది. ఖాలా ముఖం మాడిపోయింది. "ఈ త్రాసు సరిగా లేదు, లే బేటా" అన్నది. రెండో దుకాణానికి వెళ్ళాము. అదే తూకం. మూడో చోట పది మిల్లీల తేడా వచ్చింది, అది కూడా తక్కువ వైపుకే. చివరకు ఖాలాకు చిన్ననాటి నుండి తెలిసిన ఒక కంసాలి పెద్దాయన దగ్గరకు పోయాము. ఆయన గాజులను తూచనే లేదు. వెలుతురు వైపు తిప్పి, లోపలి అంచు మీద బొటనవ్రేలు రాసి, "అమ్మా, మీరు గిన్నెలు దేనితో తోముతారు?" అని అడిగాడు.

ఇక దేనితో తోముతుంది? పెండ్లయిన కొత్తలో పొయ్యి బూడిద, ఇటుక పొడి. తర్వాత పొట్టు బూడిద. ఆ తర్వాత సబ్బు బిళ్ళ, ఆకుపచ్చ పీచు. ముప్పై మూడేళ్ళు, పూటకు ఒకసారి. బంగారు గాజులు చేతికి ఉండగానే.

రెండు గ్రాముల పైచిలుకు బంగారం అంటే నేటి ధరల్లో ఒక చిన్న కుటుంబానికి నెల సరుకులు వస్తాయి. అదంతా ఏ దొంగా ఎత్తుకుపోలేదు. తూములో పోయింది. ఆ రోజు నుండి ఈ సంగతి గురించి మన సోదరీమణులకు వ్రాయాలని మేము అనుకుంటూనే ఉన్నాము.

బంగారం మెత్తనిది

బంగారం చెడిపోదు, తుప్పు పట్టదు అని మన పెద్దలు చెప్పే మాట నిజమే. నీళ్ళకు, గాలికి, ఉప్పుకు అది లొంగదు. కాని అది మెత్తని లోహం. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుండి పది వరకు కొలిచే మోస్ కొలమానంలో బంగారం రెండున్నర, మూడు మధ్య ఉంటుంది. ఇంచుమించు మన వ్రేలిగోరుతో సమానం. గాజు అయిదున్నర దగ్గర. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఏడు. అందుచేత ఇటుక పొడిలో ఉన్న ఇసుక రేణువు గిన్నె మీది మసిని గీకినంత తేలికగా గాజు మీది బంగారాన్నీ గీకుతుంది. వరి పొట్టు బూడిద చేతికి మెత్తగా తగులుతుంది గనుక దాని వల్ల హాని లేదనుకుంటాము. నిజానికి దానిలో అధిక భాగం సిలికాయే. పీచులో కూడా గీకడానికని గట్టి రాతి పొడినే అంటిస్తారు. లేకపోతే మాడిన అన్నం ఎలా ఊడుతుంది?

22 క్యారట్ల నగలో నూటికి 91.6 పాళ్ళు బంగారం, మిగతా 8.4 పాళ్ళు వెండి, రాగి వంటివి. ఆ కొద్దిపాటి మిశ్రమం వల్లనే నగ నిలుస్తున్నది. అయినా 18 క్యారట్ల నగతో పోలిస్తే ఇది మెత్తనే. మనవారికి 22 క్యారట్లే ముద్దు గనుక అరుగుదల కూడా మన ఇండ్లలోనే ఎక్కువ.

ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో ఒక రసాయన శాస్త్రవేత్త తన 18 క్యారట్ల పెండ్లి ఉంగరాన్ని ఏడాది పాటు వారం వారం తూచి, ఆ లెక్కలను 2008లో ప్రచురించాడు. సంవత్సరానికి ఆరు మిల్లీగ్రాములు తగ్గింది. ఇసుక తీరంలో సెలవు గడిపినప్పుడు, తోటపని చేసినప్పుడు తరుగు ఎక్కువగా కనిపించింది. ఆరు మిల్లీగ్రాములు ఏపాటి అనిపించవచ్చు. ఆయన బూడిదతో గిన్నెలు తోమలేదు, చేతికి జత గాజులు లేవు అన్నది గుర్తుంచుకోవాలి.

జత గాజులు అన్నప్పుడు ఇంకొక సంగతి. గాజులు ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. ఆ చప్పుడు చెవికి ఇంపుగానే ఉంటుంది గాని తగిలిన చోటల్లా అంచు అరుగుతుంది. మన ఆడపడుచులు బంగారు గాజుల మధ్య మట్టిగాజులు కలిపి వేసుకుంటారు. అందంగా ఉంటుంది, కాదనము. అయితే మట్టిగాజు బంగారం కన్నా గట్టిది. పైగా మెరుపు పొడి, రాళ్ళు అద్దిన గాజులైతే అవి ఆకురాయి పని చేస్తాయి. పెండ్లికో పండుగకో వేసుకుంటే పరవాలేదు, రోజూ కలిపి వేసుకోకూడదు.

గొలుసు సంగతి వేరు. అది గీతలు పడి అరగదు, కొక్కెం కొక్కెం రాసుకుని అరుగుతుంది. ప్రతి లింకు లోపలి వంపు పక్క లింకుతో రాపిడి పడుతూ పలచనవుతుంది. చెమట, దుమ్ము, పౌడరు ఆ సందులో చేరి రాపిడిని పెంచుతాయి. పైకి గొలుసు నిక్షేపంగా ఉంటుంది. ఒకరోజు చంటిబిడ్డ పట్టి లాగితే తెగుతుంది. బరువైన లాకెట్టు వేసే గొలుసులో లాకెట్టు వ్రేలాడే నాలుగైదు లింకులు ముందుగా పోతాయి. ఆరు నెలలకొకసారి గొలుసును వెలుతురులో సాగదీసి చూస్తే, సన్నబడ్డ లింకు కంటికే కనిపిస్తుంది. తెగక ముందే అతికించుకుంటే కొద్ది కూలితో పోతుంది.

పౌడరు అన్నాము గనుక ఇది కూడా చెప్పాలి. ఉంగరం క్రింద, గొలుసు క్రింద చర్మం నల్లగా అవుతున్నదని, బంగారంలో కల్తీ జరిగిందేమోనని కొందరు సోదరీమణులు అనుమానిస్తుంటారు. ప్రతిసారీ అది కల్తీ కాదు. ముఖానికి, మెడకు రాసుకునే పౌడర్లలో, క్రీముల్లో జింక్ ఆక్సైడు, టైటానియం ఆక్సైడు వంటి గట్టి పొడులుంటాయి. అవి బంగారాన్ని సన్నగా గీకుతాయి. ఆ గీకిన బంగారపు ధూళే చర్మం మీద నల్లగా కనిపిస్తుంది. పౌడరు రాసుకుని, అది సర్దుకున్నాక నగ వేసుకోవడం మంచిది.

స్నానాల గదిలో ఉన్న శత్రువు

వంటింట్లో నగకు జరిగే హాని నెమ్మదిగా జరుగుతుంది. స్నానాల గది కడిగేటప్పుడు జరిగే హాని అలా కాదు. బ్లీచింగు పౌడరులోని క్లోరిన్ బంగారాన్ని కాకపోయినా నగలో కలిసి ఉన్న రాగిని, వెండిని పట్టుకుంటుంది. అతుకుల వద్ద, రాళ్ళను పట్టి ఉంచే సన్నని పళ్ళ వద్ద, బిగువుగా వంచిన కొక్కేల వద్ద సన్నని పగుళ్ళు వస్తాయి. 22 క్యారట్ల కన్నా 18, 14 క్యారట్ల నగలకు ఈ ప్రమాదం ఎక్కువ. రాళ్ళ ఉంగరాలు, చెవి కమ్మలు చాలావరకు 18 క్యారట్లవే. ఉంగరంలోని రాయి ఎక్కడో రాలిపోయిందని వెతికేవారు, రాలడానికి కారణం నాలుగు నెలల క్రిందట తెల్లబట్టలు నానబెట్టిన బకెట్టు అని ఊహించలేరు. కుళాయి నీటిలో కలిపే కొద్దిపాటి క్లోరిన్‌తో భయం లేదు. చేతితో పొడి కలిపిన నీళ్ళతోనే భయం.

ఇక్కడ నగలను మించిన మాట ఒకటి. బ్లీచింగు పౌడరును, మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌ను కలిపి పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది నగకు కాదు, ఊపిరితిత్తులకు చేటు. తలుపు మూసిన చిన్న గదిలో మరీ ప్రమాదం.

పాదరసం సంగతి కూడా తెలిసి ఉండాలి. పాత జ్వరమాని పగిలినప్పుడు నేల మీద దొర్లే వెండి గుండ్లను పిల్లలు వేలితో ఆడుకుంటారు, తల్లి చేతితో ఊడుస్తుంది. పాదరసం తగిలిన బంగారం తెల్లబడి వెండిలా మారిపోతుంది. తుడిస్తే పోదు, సబ్బుతో పోదు. దాన్ని పొయ్యి మీద కాచి పోగొట్టాలని ఇంట్లో ఎవరూ ప్రయత్నించరాదు. ఆవిరైన పాదరసం విషం. కంసాలికి సంగతి ముందే చెప్పి అప్పగించాలి. చర్మం తెల్లబడుతుందని అమ్మే కొన్ని క్రీముల్లోనూ పాదరసం ఉంటుంది. అటువంటి క్రీము రాసుకున్న వేలికి ఉంగరం తెల్లబడితే, ఉంగరం గురించి కాక ముందు క్రీము గురించి ఆలోచించాలి.

లచ్ఛా, జడావు, ముత్యాలు

హైదరాబాదు వైపు మన పెండ్లికూతుళ్ళ పెట్టెలో ఉట్టి బంగారం కన్నా పొదిగిన నగలే ఎక్కువ. చింతాక్, జుగ్నీ, కరన్‌ఫూల్, సత్‌లడా, నల్లపూసల లచ్ఛా. వీటికి వంటింటితో పొసగదు.

జడావు నగ లోపల గుల్లగా ఉంటుంది. ఆ గుల్లలో లక్క నింపి, దాని మీద వెండి రేకు పరచి, రాయిని కూర్చి, చుట్టూ మేలిమి బంగారపు రేకును నొక్కి బిగిస్తారు. రాయి మెరిసేది వెనుక ఉన్న రేకు వల్ల. ఇప్పుడు బిర్యానీ దమ్ము విప్పే దృశ్యాన్ని తలచుకోండి. డేగిషా మూత తీయగానే ఆవిరి ముఖం మీదికి, మెడ మీదికి వస్తుంది. లక్క వేడికి మెత్తబడుతుంది. ఆవిరి సందుల్లోంచి లోపలికి పోతే రేకు నల్లబడుతుంది. రాయి పోదు, దాని కాంతి పోతుంది. కొద్దికాలానికి "రాయి చచ్చిపోయింది" అంటారు. రాయి చావలేదు, దాని వెనుక అద్దం మసిబారింది. మళ్ళీ పొదిగించడం తప్ప దారి లేదు. కాబట్టి జడావు నగను నీళ్ళలో ముంచి కడగరాదు. పొడిగా ఉన్న మెత్తని పాత మల్లుగుడ్డతో తుడవాలి, అంతే.

ముత్యం పుట్టుకే వేరు. అది రాయి కాదు, లోహం కాదు. ఆల్చిప్ప పొరలు పొరలుగా పేర్చిన సున్నం. సున్నం పులుపుకు కరుగుతుంది. మాంసానికి నిమ్మరసం, పెరుగు పట్టించేటప్పుడు, చింతపండు పిసికేటప్పుడు బంగారానికి ఏమీ కాదు, అదే వేలి ఉంగరంలో ముత్యం ఉంటే దానికి దెబ్బ. చెమట కూడా కొంచెం పులుపే. సెంటు, అత్తరు ముత్యాల మీద నేరుగా పడకూడదు. పెద్దింటి బేగములు అన్ని అలంకారాలు అయ్యాక చివరగా ముత్యాల హారం వేసుకునేవారని, తీసేటప్పుడు మొదట అదే తీసేవారని మా నానీ చెప్పేది. అందం కోసమే ఆ పద్ధతి అనుకునేవాళ్ళము.

నిజాముల నగలను కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరారు. ఆ ముత్యాల పేటలు అంతకాలం నిలిచాయంటే, వాటిని ధరించిన చేతులు బూడిద పట్టలేదు మరి! మన లచ్ఛా సంగతి అది కాదు. పొద్దుటి నుండి రాత్రి వరకు మెడలో ఉంటుంది, పొయ్యి సెగ, స్నానపు నీళ్ళు, నూనె అన్నీ చూస్తుంది. దారంతో గుచ్చిన లచ్ఛా అయితే దారం లోపలి నుండి కుళ్ళుతుంది. తడిసిన నాడు దాన్ని మెడలోనే ఆరనివ్వక, తీసి గుడ్డ మీద పరచి ఆరబెట్టాలి. ఏడాదికొకసారి మళ్ళీ గుచ్చించుకోవాలి. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయించుకుంటే తెగినా ఒక్కటే రాలుతుంది.

ఝుంకాలకు బరువు ఆనేందుకు జుట్టుకు తగిలించే సహారేలు కేవలం సింగారం కావు. అవి లేకుండా బరువైన ఝుంకాలు రోజంతా పెట్టుకుంటే చెవి రంధ్రం సాగుతుంది, కమ్మ కాడ వంగుతుంది. తలస్నానానికి ముందు చెవి సీలలను వేలితో బిగించి చూసుకోవడం అలవాటు చేసుకుంటే ఎన్నో కమ్మలు దక్కుతాయి.

తీయడమా, ఉంచడమా?

ఇంత చదివాక, పని మొదలుపెట్టే ముందు నగలన్నీ తీసి పక్కన పెట్టమని మేము చెబుతామని పాఠక సోదరీమణులు అనుకుంటారు. అంత తేలికగా చెప్పలేము. అరిగిపోయిన బంగారం కన్నా తీసి పెట్టి మరచిపోయిన బంగారమే ఎక్కువ అని మా అభిప్రాయం. మనకు తెలిసిన ఇండ్లలోనే లెక్క వేసి చూడండి. సింకు గట్టున పెట్టిన ఉంగరం, ఓఢ్నీ కొంగున ముడి వేసిన కమ్మలు, గోధుమపిండి డబ్బా మూత మీద పెట్టిన గాజు, పెండ్లి హాలులో వజూ చేసుకునే కుళాయి దగ్గర విడిచిన ఉంగరం. ఈ చివరి దాన్ని వెతకడానికి వెనక్కి పరుగెత్తినవారిని మేము స్వయంగా చూశాము. దొరకలేదు.

వజూ మాట వచ్చింది గనుక. ఉంగరం వదులుగా ఉండి క్రిందికి నీరు చేరుతుంటే తీయనవసరం లేదని, బిగువుగా ఉంటే అటూ ఇటూ కదిలించి నీరు చేరేలా చూడాలని ఉలమా చెబుతారు. తీసి పెట్టాలన్న నియమం లేదు. అయితే రొట్టెల పిండి పిసికి, అది ఉంగరం క్రింద ఎండి అట్ట కట్టి ఉంటే నీరు చర్మాన్ని తాకదు. పిండి ముద్ద కలిపే ముందు ఉంగరం తీయడానికి ఇంతకన్నా మంచి కారణం వేరే అక్కరలేదు. రాళ్ళ ఉంగరమైతే ఆ పిండి రాయి వెనుకకు చేరి, దాన్ని పిన్నుతో గీకే ప్రయత్నంలో రాయినే కదిలిస్తాము.

నగ పోగొట్టుకోవడం చిన్న విషయమని, దానికి బాధపడటం ప్రాపంచిక వ్యామోహమని ఎవరైనా పెదవి విరిస్తే వారికి ఒక సంఘటన గుర్తుచేయాలి. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) హారం జారిపోయింది. దాన్ని వెతకడానికి ప్రవక్త (స) ఆగారు. ఆయనతో పాటు బృందమంతా నీళ్ళు లేని చోట ఆగిపోయింది. ఆ సందర్భంలోనే తయమ్ముమ్ ఆదేశం వచ్చింది. చివరకు ఒంటెను లేపితే హారం దాని క్రిందనే దొరికింది. బుఖారీ సంకలనంలో ఉన్న ఉదంతం ఇది. ఆ హారం ఆమె తన అక్క అస్మా (రజి) వద్ద అడిగి తెచ్చుకున్నదని ఒక ఉల్లేఖనం. ఎరువు తెచ్చుకున్న నగ పోతే ఆడవారి గుండె ఎలా కొట్టుకుంటుందో వేరే చెప్పాలా!

కనుక మా మాట ఇది. రోజూ తీసి పెట్టేది అయితే దానికి ఒకే చోటు ఉండాలి. పొయ్యి గట్టుకు దూరంగా, కంటి ఎత్తులో, మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా. లోపల ఒక గుడ్డ ముక్క. ఇంట్లో అందరికీ తెలిసిన చోటు కావాలి, ఎందుకంటే మరచిపోయిన నాడు గుర్తుచేసేది వారే. తీయడం కుదరని గాజులైతే, మణికట్టు నుండి పైకి జరిపి మోచేతి వైపు బిగించుకుని, మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకోవచ్చు. మిక్సీ, నీళ్ళ మోటారు, పిండిమర దగ్గర వదులు గాజులు ప్రాణానికే ముప్పు. ఇనుప గేటు గడియకు ఉంగరం తగులుకుని వేలికి ఘోరమైన గాయాలైన వారున్నారు. వేలు వాచి ఉంగరం రాకపోతే చేతిని కొంతసేపు పైకెత్తి ఉంచి, సబ్బు రాసి, నెమ్మదిగా త్రిప్పుతూ తీయాలి. వేలు రంగు మారుతుంటే ఆలస్యం చేయక కోయించివేయాలి. ఉంగరాన్ని మళ్ళీ అతికించవచ్చు.

సింకులో ఉంగరం జారిపడితే వెంటనే కుళాయి కట్టండి. ఒక్క చెంబు నీళ్ళు కూడా పోయకండి. సింకు క్రింద గొట్టంలో ఒక వంపు ఉంటుంది. దానిలో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది. బరువైన బంగారం సాధారణంగా ఆ వంపులోనే ఆగుతుంది. దాని క్రింద బకెట్టు పెట్టి, వంపును చేతితో త్రిప్పి ఊడదీస్తే మురికితో పాటు ఉంగరమూ పడుతుంది. కంగారులో నీళ్ళు పోసి కడిగితేనే అది దాటిపోతుంది.

మెరుగు పెడతామని వచ్చేవారు

నగను శుభ్రం చేయడానికి ఇంట్లో ఉన్న సరుకు చాలు. గోరువెచ్చని నీళ్ళలో రెండు కుంకుడుకాయల రసం, లేదా కొద్దిగా షాంపూ. పావుగంట నానబెట్టి, పిల్లల పళ్ళు తోమే మెత్తని బ్రష్షుతో రుద్ది, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టడం. కడిగేది గిన్నెలోనే, సింకులో కాదు. టూత్‌పేస్టు, తినే సోడా, ముగ్గుపిండి వద్దు. అవి మెరుపు ఇచ్చేది పై పొరను గీకడం వల్లనే. ఇది ఉట్టి బంగారానికి మాత్రమే, జడావుకు, ముత్యాలకు కాదని మళ్ళీ చెబుతున్నాము. దుకాణంలో మెరుగు పెట్టించినా ప్రతిసారీ కొద్దిగా తరుగుతుంది. ఏటేటా పెట్టించనక్కరలేదు.

మధ్యాహ్నం మగవారు లేని వేళ ఇద్దరు మనుషులు వీధిలోకి వస్తారు. సంచిలో పొడి పొట్లాలుంటాయి. మొదట ఇత్తడి చెంబును, వెండి పాయల్‌ను ఉచితంగా తళతళలాడిస్తారు. "అమ్మా, గొలుసు ఇవ్వండి, కొత్తదానిలా చేసి ఇస్తాము" అంటారు. ఒక ద్రావకంలో ముంచి తీస్తారు. గొలుసు మెరుస్తుంది, బంగారంలో కొంత ఆ ద్రావకంలోకి పోతుంది. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం బంగారాన్ని కూడా కరిగిస్తుంది. వారు పోయాక ఆ నీళ్ళ నుండి బంగారాన్ని వేరు చేసుకుంటారు. మరికొందరు పసుపు నీళ్ళ గిన్నెలో నగ వేసినట్టు చూపి, పొయ్యి మీద పెట్టి అరగంట తర్వాత తీయమని చెప్పి వెళ్ళిపోతారు. గిన్నెలో పసుపే మిగులుతుంది. పత్రికల్లో ఇటువంటి వార్తలు ఏ జిల్లాకు ఆ జిల్లా వస్తూనే ఉన్నాయి, మోసపోయేవారు మోసపోతూనే ఉన్నారు. మా ఖాలా కూడా ఎప్పుడో ఒకసారి వాకిట్లోనే గాజులకు మెరుగు పెట్టించిందట. కంసాలి పెద్దాయన గుచ్చి గుచ్చి అడిగితే బయటపడ్డది. ఆ రెండు గ్రాముల్లో బూడిద వాటా ఎంతో, ఆ ద్రావకం వాటా ఎంతో ఇప్పుడు ఎవరూ విడదీసి చెప్పలేరు.

తూకం ఎవరి చేతిలో ఉంది?

మహర్ స్త్రీ సొత్తు. తండ్రిదీ కాదు, భర్తదీ కాదు. నికాహ్‌నామాలో, హైదరాబాదు వైపు సియాహా అనే పత్రంలో అది వ్రాసి ఉంటుంది. కాని ఎన్ని తులాలు అని మాత్రమే వ్రాస్తే తర్వాత చిక్కు వస్తుంది. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు బజారులో తులం అంటే 10 గ్రాములు. జకాత్ నిసాబ్ ఏడున్నర తులాలు అంటే పాత లెక్కన 87.48 గ్రాములు. కొత్త తులంతో గుణిస్తే 75 గ్రాములే వస్తుంది, అది తప్పు లెక్క. అందుకే గ్రాముల్లో వ్రాయించుకోవాలి.

ధరించే నగలపై కూడా జకాత్ ఉన్నదని హనఫీ పండితులు, వాడుకలో ఉన్నదానిపై లేదని ఇతర మజ్‌హబ్‌ల వారిలో ఎక్కువమంది అంటారు. మన ప్రాంతంలో హనఫీలే ఎక్కువ గనుక చాలా ఇండ్లలో ఏడాదికొకసారి రంజాన్‌లో నగల లెక్క తీస్తారు. చాలామంది పాత చీటీ చూసి లెక్క కట్టేస్తారు. అలా కాక ఏటా నిజంగా తూయించి, ఒక పుస్తకంలో తేదీ వేసి వ్రాసుకుంటే, జకాత్ లెక్కా సరిగ్గా వస్తుంది, ఏ నగ ఏ ఏడు ఎంత తగ్గిందో కూడా తెలుస్తుంది. జడావు నగలో రాళ్ళు, లక్క బరువు తీసేసి ఉట్టి బంగారం ఎంతో అడిగి వ్రాసుకోవాలి. అమ్మేటప్పుడు దుకాణదారుడు ఆ బరువు ఎలాగూ తీసేస్తాడు, మనకు ముందే తెలిసి ఉంటే గుండె గుభేలుమనదు.

హాల్‌మార్కు పద్ధతి మన దేశంలో 2000లో మొదలై, 2021 జూన్ నుండి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 తర్వాత అమ్మే హాల్‌మార్కు నగ మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు గుర్తుల సంఖ్య ఉండాలి. ఆ ముద్ర చాలా సన్నగా చెక్కి ఉంటుంది. పీచుతో రుద్దితే, పదే పదే మెరుగు పెట్టిస్తే అది కూడా అరుగుతుంది. కొన్న రోజే బిల్లుతో పాటు ముద్రకు, నగకు ఫొటో తీసి పెట్టుకోవడం మేలు. ఆ బిల్లు, ఆ ఫొటో నగ ఎవరిదో వారి దగ్గరే ఉండాలి. నగను కుదువ పెట్టడానికి ఇంటాయన తీసుకువెళ్ళిన సంగతి రసీదు చూసేదాకా ఇల్లాలికి తెలియని ఇండ్లు మనలో లేవా?

ఆ రోజు కర్నూలులో ఖాలా రెండు గాజులూ అమ్మలేదు. ఒకటి అమ్మితే ఆ ఏడాది ఫీజు అవుతుందని తేలింది. రెండోదాన్ని కంసాలి పెద్దాయన తూచి, కొత్త చీటీ మీద 18 గ్రాముల 900 మిల్లీలు అని, తేదీ వేసి వ్రాసి ఇచ్చాడు. కూతురు ఇప్పుడు ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తున్నది. విధుల్లో చేతులకు ఏ నగా ఉండకూడదట. ఇల్లు చేరాక ఆ ఒంటి గాజును చేతికి వేసుకుంటుంది. గిన్నెల వేళకు మాత్రం అది పొయ్యి పక్క మేకుకు తగిలించిన స్టీలు డబ్బాలో ఉంటుంది. పోయిన రంజాన్‌లో తూయించారట. 18 గ్రాముల 890 మిల్లీలు ఉన్నదని ఖాలా మాకు ఫోను చేసి చెప్పింది.